ఇంజెక్షన్ వికటించి

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ ఉదయం 11.48కి చౌడేశ్వరి చనిపోయింది. నా చెల్లెలు. నలభై ఆరేళ్లు.

పోలీసులకు స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందుకని టైములు రాసి పెట్టుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా విలేకరిగా ఇతరుల ఇళ్లలో చావులకు చేసిన పనే.

9.20: మంగళగిరి నుంచి చెల్లెలు, దాని మొగుడు జ్ఞానేశ్వర్ ఆటోలో విజయవాడ సూర్యారావుపేట నర్సింగ్ హోమ్‌కు వచ్చారు. నేను అప్పటికే గేటు దగ్గరున్నాను. డాక్టరు ఉదయభాస్కర్ నాకు పదేళ్లుగా తెలుసు. అక్కడికే రమ్మన్నది నేనే.

9.50: డాక్టరు కాలు చూశాడు. మోకాలి దాకా వాపు, ఎరుపు. జ్వరం నూట రెండు. ఇన్ఫెక్షన్ అన్నాడు, మూడు రోజులు ఉండాలన్నాడు. ఆపరేషన్ థియేటర్లో కేసుందని పైకి వెళ్లిపోయాడు.

10.40: ఆరో నంబరు గది. జ్ఞానేశ్వర్ అడ్మిషన్ కాగితాల కోసం కింద కౌంటరు దగ్గర. చెల్లెలు జ్వరంలో మగతగా ఉంది.

10.55: నర్సు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసింది.

11.05: చేతులమీద, మెడమీద దద్దుర్లు. "అన్నయ్యా, గొంతు పట్టేస్తోంది" అంది. అదే ఆఖరి మాట.

11.15: డాక్టరు కిందికొచ్చాడు. ఆక్సిజన్, ఇంకో రెండు ఇంజెక్షన్లు.

11.48.

నర్సు పేరు రూతు. గుణదల అమ్మాయి, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. పేషెంటుకు ఏ మందు పడదో అడగలేదు. అడగకుండా పొడిచేసింది.

ఫిబ్రవరి 5, బుధవారం

పోస్టుమార్టం ఉదయం అయింది. మధ్యాహ్నం మంగళగిరిలో దహనం. సాయంత్రం ఆఫీసుకు వెళ్లాను. వెళ్లకూడదు. వెళ్లాను.

ఐదో పేజీ, అడుగున, సింగిల్ కాలమ్. "ఇంజెక్షన్ వికటించి మహిళ మృతి." నాలుగు వాక్యాలు. వయసు నలభై ఎనిమిదని వేశారు. ఊరు సరిగ్గానే వేశారు. ఆసుపత్రి పేరు లేదు, డాక్టరు పేరు లేదు, నర్సు పేరు లేదు.

ఐటెమ్ రాసింది డెస్కులో జ్యోతిర్మయి. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, పనిమంతురాలు. అందరి ముందే అడిగాను.

"ఇంజెక్షన్ తనంతట తనే వికటించిందా? దానికేమైనా కాళ్లూ చేతులూ ఉన్నాయా?"

"సారీ సర్. మీ చెల్లెలు గారని పేజీ వెళ్లిపోయాక తెలిసింది సర్."

"నేనడిగింది అది కాదు. ఎవరు చేశారు? పేరేది?"

ఆ అమ్మాయి నా వెనక గోడ వైపు చూసింది.

"ఆరో పాయింటు సర్."

గోడమీద డెస్కు నియమావళి. ఆరో పాయింటు: ఆసుపత్రి మరణాల్లో విచారణ తేలేవరకు వ్యక్తుల పేర్లు, ఆసుపత్రి పేరు వాడరాదు. "వైద్యం వికటించి" అనో "ఇంజెక్షన్ వికటించి" అనో మాత్రమే రాయాలి. జూన్ 2009. అప్పట్లో వరసగా మూడు లీగల్ నోటీసులొచ్చాయి. కింద సంతకం నాది.

"చదవడం వచ్చన్నమాట. సంతోషం" అన్నాను. ఎవరూ తలెత్తలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను. ఒక కాపీ జిల్లా వైద్యాధికారికి. ఒకటిన్నర పేజీ. విశేషణాలు లేవు. ముఖ్యమైన వాక్యం: "ఏ మందు పడదో నర్సు ఎవరినీ అడగలేదు."

ఎస్సై చదివి, "మీరు రాస్తే మాకు పని తక్కువ సార్" అన్నాడు.

ముగ్గురు డాక్టర్లతో కమిటీ వేస్తారు. ఫిబ్రవరి 24, సోమవారం, ఉదయం 11 గంటలకు విచారణ. కమిటీ తప్పు తేలిస్తే రూతు నర్సు రిజిస్ట్రేషన్ పోతుంది. పోలీసులు కేసు పెట్టడం కూడా ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉంటుంది.

మధ్యాహ్నం ఉదయభాస్కర్ ఫోను చేశాడు.

"మహేశ్ గారూ, మీ బాధ అర్థం చేసుకోగలనండీ. ఆ అమ్మాయిని నిన్ననే తీసేశాం. మీరు రాసింది కరెక్టే. అడగడం పూర్తిగా ఆమె డ్యూటీ. కేస్ షీట్లో ఎలర్జీల గడి ఖాళీగా ఉంది. కాపీ పంపిస్తాను, ఉంచుకోండి."

గొంతులో ఊరట. డాక్టర్ల గొంతులో ఊరట నాకు బాగా తెలుసు. వాడి మీద ఫిర్యాదు చెయ్యలేదని వాడికి అర్థమైంది. ఎందుకు చెయ్యలేదో వాడు అడగలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఫోనులో ఖాళీ లేదు. పాత మెసేజ్‌లు, ఫొటోలు కొన్ని తీసేశాను.

ఫిబ్రవరి 8, శనివారం

ఆదివారం పేజీ ఇంకా నా చేతిలోనే ఉంది. సెలవు పెట్టమన్నారు, పెట్టలేదు. పట్టభద్రుల ఎన్నికల హడావిడిలో ఎవరికీ తీరిక లేదు కూడా.

అచ్యుతరామారావు గారి కాలమ్ మనిషి చేత వచ్చింది. ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. సొంతూరు కూచిపూడి పక్కన. ఎనభై రెండేళ్లు. వారానికో మాట తీసుకుని దాని చరిత్ర రాస్తారు. ఇప్పటికీ గీతల కాగితం మీద, నీలం సిరాతో, మనవరాలి చేత రాయిస్తారు. ఈ వారం మాట "వికటం". ఈ వారమే.

ఇలా మొదలుపెట్టారు: "సంస్కృతంలో వికటమంటే తొలుత పెద్దది, విశాలమైనది. పోనుపోను ఆకారం తప్పినది, చూస్తే భయం పుట్టించేది. తెలుగు రంగస్థలం మీదికి వచ్చాక ఆ భయం పోయి నవ్వు మిగిలింది. వంకర టోపీతో, వంకర నడకతో వచ్చేవాడిది వికట వేషం. కొలువులో నవ్వించేవాడు వికటకవి. అదే కాలంలో వైద్యుడి దగ్గర ఒంటికి సరిపడని పదార్థం వికటించింది, మందు వికటించింది. ఒంటి తీరు తప్పడమే ఇద్దరికీ ముడిసరుకు. ఒకడు దానితో నవ్విస్తాడు, ఒకడు దాన్ని చూసి బెదురుతాడు. ఇప్పుడీ మాటను ఎక్కువగా వాడుతున్నది వీళ్లిద్దరూ కాదు, పత్రికలు."

మంచి రాత. కొట్టేశాను. ఆ చోటులో ఎండాకాలం చర్మ సంరక్షణ వేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

గుణదల మేరీమాత ఉత్సవం. రోడ్లు మూసేశారు. రామవరప్పాడు రింగు నుంచి నడిచాను. కొండ మెట్ల నిండా జనం, కొవ్వొత్తులు, కొబ్బరికాయలు.

రూతు ఇల్లు కొండ దిగువన, రెండు గదులు. తల్లి తెరేసమ్మ వాకిట్లో బల్ల వేసుకుని కొవ్వొత్తులు అమ్ముతోంది. పత్రిక నుంచి వచ్చానన్నాను. అబద్ధం కాదు.

రూతు వెర్షన్ తీసుకున్నాను. కొత్తదేమీ లేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

రూతు అడగలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

మంగళగిరి వెళ్లాను. చెల్లెలి మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. గచ్చకాయ రంగు, నిజాం అంచు. జ్ఞానేశ్వర్ దాన్ని ఏం చెయ్యాలని నన్నడిగాడు. నాకేం తెలుసు? నేత వదిలేసి విజయవాడ వచ్చి ముప్పై ఏళ్లయింది. ఆ మాటే అన్నాను. అనాల్సిన తీరులో అనలేదు.

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. వికటించడమన్న ఆ పత్రికల మాట మా ఇంట్లో వేళాకోళం. అన్నం మాడితే చౌడేశ్వరి నాకు ఫోను చేసేది. "అన్నయ్యా, అన్నం వికటించింది. ఒకరి పరిస్థితి విషమం. ఐదో పేజీలో వేస్తావా?" అనేది. పోగు తెగినా, అల్లుడికి చూసిన సంబంధం తప్పిపోయినా అదే మాట. టీవీలో వార్తలు చదివేవాళ్ల గొంతుతో. నా హెడ్డింగులన్నీ దానికి నోటికొచ్చు. ఎదురుగా నేనుంటే ఇంకా రెచ్చిపోయేది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పదకొండో రోజు. కార్యక్రమం ఒంటి గంటకు ముగిసింది. పైన చెల్లెలికి అల్లుడని రాశాను, తప్పు. ఇంకా అల్లుడు లేడు. కూతురు ఉషశ్రీకి సంబంధాలు చూస్తున్నారు. ఇరవై నాలుగేళ్లు. చీరలకు డిజైన్లు గీస్తుంది. తల్లి పోలికే, నవ్వు తప్ప.

భోజనాలయ్యాక మేడమెట్ల దగ్గరికి పిలిచింది.

"మావయ్యా, అమ్మ ఫోను తెరిచాను. మూడో తారీకున నీకో ఫొటో పెట్టింది. పాత డాక్టరు రాసిచ్చిన కాగితం."

"ఊఁ."

"ఎనిమిదేళ్ల కిందట ఒంటినిండా దద్దుర్లు లేచాయి చూడు, అప్పటిది. ఈ మందు ఇవ్వకూడదని ఎర్ర సిరాతో రాశాడు. నీ ఫోనులో పెట్టుకో అన్నయ్యా, రేపు డాక్టరుకి చూపించు, నాకు గుర్తుండదు అని కింద పెట్టింది. నువ్వు చూశావు. నీలం టిక్కులు పడ్డాయి, బొటనవేలు బొమ్మ కూడా పెట్టావు."

"చూశాను."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను."

"ఆ నర్సుకి?"

"ఆమెకీ చూపించాను."

ఉషశ్రీ మెట్టుమీద కూర్చుంది. చేతిలో ఫోను తెరిచి ఆ ఫొటో మళ్లీ చూసింది.

"చూసి కూడా చేసిందా మావయ్యా? మరి కంప్లైంటులో ఈ ముక్క రాయలేదేం?"

"ఆ స్థితిలో గుర్తు రాలేదు."

"సర్లే, నువ్వు బెంగపెట్టుకోకు. నేను రాస్తా."

ఫిబ్రవరి 15, శనివారం

రాసింది. ఎస్సై నాకు ఫోను చేసి చెప్పాడు.

"మీ మేనకోడలు గట్టి పిల్ల సార్. ఫొటో ప్రింటు తీయించి మరీ పట్టుకొచ్చింది. కాగితం చూపించినా మందు ఇచ్చారంటే అది పొరపాటు కింద రాదు. కమిటీ ఊఁ అంటే అరెస్టే. మీరు సోమవారం అదే ముక్క చెప్పండి చాలు."

వచ్చే సోమవారం కాదు, పై సోమవారం. ఇంకా తొమ్మిది రోజులు.

ఫిబ్రవరి 16, ఆదివారం

జ్ఞానేశ్వర్ ఫోను. "బావగారూ, మీరుండబట్టి మాకు న్యాయం జరుగుతోంది" అన్నాడు. పెట్టేశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

అచ్యుతరామారావు గారు ఆఫీసుకు వచ్చారు. మనవరాలు వేదశ్రీ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. కుర్చీలో సర్దుకోవడానికే ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది. కాలమ్ వెయ్యలేదని పోట్లాటకు వచ్చారనుకున్నాను.

"మీకీ కష్టం జరిగిందని నిన్ననే తెలిసిందండీ. అలాంటి మాట మీద అలాంటి వారం రాసి పంపాను. క్షమించండి."

"మీకెలా తెలుస్తుంది? వదిలెయ్యండి."

"అది కాదండీ మహేశ్ గారూ. నాలుగో తారీకు మంగళవారం ఉదయం నేను ఫోను చేశాను చూడండి. మీరప్పుడు ఆసుపత్రిలోనే ఉన్నారన్నమాట."

ఆయన చూపు సరిగా ఆనదు. నా మొహం కనిపించి ఉండదు.

"ఎవరో అమ్మాయి మిమ్మల్ని అడగడం వినిపించింది. అమ్మకి ఏ మందైనా పడదా అండీ, అని. మీరు, ఏం లేదు, కానివ్వండి అన్నారు. ఎవరో ముసలావిడకు మందులిప్పిస్తున్నారు కాబోలనుకున్నాను. అలాంటి సమయంలో కూడా ఓపిగ్గా నా సోది విన్నారు. నవ్వారు కూడా. అదే మనసులో బాధగా ఉంది."

"మీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

"కళ్లు పోయాయి. ఇవైనా ఉండాలి కదండీ."

వేదశ్రీ నా వైపు చూసింది. ముసలాయనకు కేసు సంగతి తెలియదు, పత్రికల్లో నర్సు పేరు రాలేదు. రాకుండా చూసిన నియమం నాదే. వేదశ్రీకి తెలుసో లేదో.

లేవబోతూ మళ్లీ కూర్చున్నారు.

"ఆ వ్యాసంలో ఒక ముక్క రాయలేదండీ, మీరు నొచ్చుకుంటారని. మా కూచిపూడి వైపు ఆటల్లో ఒక పద్ధతుంది. ఏ పాత్రైనా తెర దాటి వస్తూ తనెవరో తనే చెప్పుకోవాలి. దానికని దరువు పాట ఒకటుంటుంది. రాజైనా అంతే, నవ్వించేవాడైనా అంతే. మీ పత్రికల్లో మాత్రం మందు తనే వస్తుంది, తనే వికటిస్తుంది, తనే పోతుంది. ఇంకెవరూ తెర దాటి రారు."

"రాయకపోవడమే మంచిదైంది" అన్నాను.

"అలాగేనండీ" అన్నారు. కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది.

ఫిబ్రవరి 18, మంగళవారం

10.40 నుంచి 10.55 వరకు.

10.47కి ఫోను మోగింది. కాల్ లాగ్ ఉంది, ఎనిమిది నిమిషాల కాల్. అచ్యుతరామారావు గారు. వికటం మీద రాస్తున్నాను, పత్రికల్లోంచి ఇంకా ఉదాహరణలు కావాలన్నారు. మంచం పక్కనే నిలబడి మాట్లాడాను. బయటికి వెళ్లలేదు. ముప్పై ఏళ్లలో ఏ ఫోనుకూ బయటికి వెళ్లిన అలవాటు లేదు. శవాల పక్కన కూడా ఫోనులో మాట్లాడాను.

మనవరాలు చదివిపెట్టిన పాత కత్తిరింపులు కొన్ని చెప్పుకుపోయారు. ఒకటి 2012లో నేను పెట్టిన హెడ్డింగు: "జోకు వికటించి ఆగిన పెళ్లి." పెళ్లికొడుకు స్నేహితుడు మైకులో ఏదో వాగితే పెళ్లివారు లేచి వెళ్లిపోయారు. నవ్వొచ్చింది. చౌడేశ్వరికి చెబుదామని దాని వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉంది.

అప్పుడు రూతు ట్రేతో వచ్చింది. చెల్లెల్ని అడగలేదు. నన్నడిగింది. మన ఆసుపత్రుల్లో పేషెంటును అడగరు, పక్కన నిలబడ్డ మగవాణ్ణి అడుగుతారు. అతనికి తెలుసో లేదో ఎవరికీ పట్టదు. అతనికి తెలుసనే లెక్క.

నాకు తెలుసు. ముందురోజే ఫొటో చూశాను. "అలాగేలేమ్మా" అని బొటనవేలు బొమ్మ కూడా పెట్టాను. ఏడో తారీకున నా ఫోనులోంచి తీసేసినవి పాత మెసేజ్‌లు కావు. అదొక్కటే.

రూతు అడిగింది. నేను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. ఏం లేదు, కానివ్వండి అన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుంది. ఇంజెక్షన్ చేసింది.

పదో తారీకున గుణదలలో రూతు చెప్పింది ఇక్కడ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. కొత్తదేమీ లేదన్నది నిజమే. నాకు కొత్త కాదు.

నన్ను గుమ్మంలో చూడగానే గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు.

"మీరు ఫోనులో నవ్వుతున్నారండీ. రెండుసార్లు అడిగాను. రెండోసారి చెయ్యి ఇలా ఊపారు, కానివ్వమని. ఎలర్జీలు లేవు, అటెండెంట్ చెప్పారు అని షీట్లో రాశాను. ఆ షీటు ఇప్పుడు లేదంట. కొత్తది రాశారు. అందులో గడి ఖాళీ అంట."

"ఎవరు రాశారు?"

"మీకు తెలీదా? మీ ఫ్రెండే కదండీ డాక్టరు గారు."

తెరేసమ్మ కొవ్వొత్తుల బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. "పేపరాయనా? రాసుకోండి. మా పిల్ల అడిగిందని రాయండి. అంతకంటే ఎక్కువేం రాయొద్దు" అంది.

"విచారణ ఉంటుంది, అక్కడ చెప్పుకోండి" అన్నాను.

"ఎవరు నమ్ముతారండీ?" అంది రూతు. గొంతు పెంచలేదు. "నేనడిగానని తెలిసింది మీకొక్కరికే."

ఆ మాట విన్నాక కూడా పద్నాలుగున ఉషశ్రీకి అబద్ధం చెప్పాను.

ఫిబ్రవరి 20, గురువారం

ఎస్సైని వేరేవాళ్ల కేసన్నట్టుగా అడిగాను, ఇచ్చిన ఫిర్యాదు మార్చుకుంటే ఏమవుతుందని. అతను పిల్లవాడేం కాదు. టీ తెప్పించి తలుపు దగ్గరికి వేశాడు.

"ఉత్త ఫిర్యాదు అయితే పెద్దగా ఏం కాదు సార్. కానీ మీ మేనకోడలు మీ మాట మీద సంతకం పెట్టింది. తప్పుడు ఫిర్యాదు కింద మీ మీదకే తిరుగుతుంది. ఉద్యోగం ఒకటుంది కదా మీకు. ఇంట్లోవాళ్లున్నారు. ఎందుకు సార్? ఇప్పుడు మిమ్మల్ని ఎవరూ అడగట్లేదు కదా."

టీ చల్లారిపోయింది. తాగాను.

లైబ్రరీలో 2009 నుంచి పాత ఫైళ్లు తీయించాను. "వికటించి" అన్న హెడ్డింగుతో మా ఎడిషన్‌లో నలభై మూడు చావులు. బందరులో బాలింత, గుడివాడలో రిక్షా అతను, కంకిపాడులో ఆరేళ్ల పిల్ల. తర్వాత ఏమైందో రెండింటికే రాశాం. మిగిలిన నలభై ఒక్క ఇళ్లలో ఎవరు అడిగారో, ఎవరు అడగలేదో, ఎవరు కానివ్వమన్నారో నాకు తెలియదు. తెలుసుకోకపోవడానికి నాకు గోడమీద కాగితం ఉంది.

ఫైళ్లు తిరిగి పెడుతుంటే జ్యోతిర్మయి వచ్చింది.

"ఆరో పాయింటు మారుస్తున్నారా సర్?"

"నీకెందుకు?"

"సోమవారం మీ చెల్లెలు గారి విచారణ వార్త రాయాల్సింది నేనే సర్. ఏ పేర్లు రాయాలో ముందే తెలిస్తే మంచిది."

ఎదురు మాట్లాడిందని చిరాకు పడ్డాను. మెట్లు దిగేదాకా ఆ చిరాకు పోలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఉదయభాస్కర్ నుంచి కేస్ షీట్ కాపీ వచ్చింది. గడి ఖాళీ. మిగిలిన పేజీలు ఒక చేతిరాత, ఈ పేజీ ఇంకో చేతిరాత. పాత విలేకరిని, ఇది పట్టుకోవడానికి నాకు నిమిషం చాలు. మొదటి రోజే అడిగి తీసుకుని ఉంటే మొదటి రోజే పట్టుకునేవాణ్ణి. అందుకే అడగలేదు.

ఫోను చేసి, అసలు షీటు ఎక్కడుందన్నాను.

"అదే అసలు షీటండీ."

"రాసిందెవరు?"

"మహేశ్ గారూ, మీరు మంచి ఫిర్యాదు ఇచ్చారు. మా రికార్డు దానికి సరిపోయింది. ఇద్దరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడెందుకండీ ఇదంతా?"

ఇద్దరికీ అన్నాడు. నన్ను తనతో కలిపి లెక్కవేసుకున్నాడు. తప్పు కాదు. నేనే మొదట కలిశాను.

ఫిబ్రవరి 22, శనివారం

అచ్యుతరామారావు గారి కాలమ్ రేపటి పేజీలో పెట్టాను. ఆయనకు ఫోను చేసి, తెర దాటే ముక్క చెప్పండి, కలుపుతానన్నాను. చెప్పారు, రాసుకున్నాను.

తర్వాత అడిగాను. "మాస్టారూ, ఆ రోజు ఫోనులో విన్నది కమిటీ ముందు చెప్పాల్సి వస్తే చెబుతారా?"

ఏ కమిటీ అని ఆయన అడగలేదు. వేదశ్రీ ఆయనకు అన్నీ చెప్పేసిందని దాంతో తెలిసింది.

"మీరు చెప్పకపోతే నేను చెబుతానండీ" అన్నారు. "మీరు చెబితే నా అవసరం ఉండదు. ఈ వయసులో ఆ మెట్లు ఎక్కించకండి నన్ను."

ఫిబ్రవరి 23, ఆదివారం

కొత్త స్టేట్‌మెంట్ రాశాను. పావు పేజీ. నర్సు నన్ను రెండుసార్లు అడిగింది. మందు పడదని నాకు తెలుసు. ఏమీ లేదని చెప్పాను. కాగితం ఎవరికీ చూపించలేదు. మేనకోడలికి అబద్ధం చెప్పాను, ఆమె ఆ అబద్ధాన్ని నమ్మి సంతకం పెట్టింది. అసలు కేస్ షీటు మార్చారు, చేతిరాత పోల్చి చూడాలి. నాలుగుసార్లు తిరగరాశాను. మొదటి మూడింటిలో "ఆ సమయంలో ఫోను రావడంతో" అని ఉంది. నాలుగోదాంట్లో తీసేశాను.

పొద్దున కాలమ్ చదివి ఉషశ్రీ ఫోను చేసింది.

"మావయ్యా, అమ్మ బతికుంటే ఇవాళ నిన్ను బతకనిచ్చేది కాదు. నీ మాట మీద అరపేజీ వేశారు."

"ఊఁ."

"రేపు వస్తున్నాగా. అక్కడ నేనేం చెప్పాలి?"

"వచ్చాక మాట్లాడదాం."

"నువ్వు చెప్పిందే చెబుతాలే."

రేపు 24, సోమవారం. ఉషశ్రీ మంగళగిరిలో 9 గంటల బస్సు ఎక్కుతుంది. 9.40కి బస్టాండులో దిగుతుంది. అక్కణ్ణుంచి విచారణ జరిగే చోటికి ఆటోలో ఇరవై నిమిషాలు. నేను బస్టాండుకు వెళ్లి ఎదురుచూడాలి, ఆటోలో దానికి చెప్పాలి. కమిటీ 11కి కూర్చుంటుంది. మొదట నన్ను పిలుస్తారు, తర్వాత ఉషశ్రీని, ఆఖర్న రూతుని.